వాగు నీళ్ళలో కడిగిన బూట్లు

లీడ్స్‌లో మాస్టర్స్ చేసే మన పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. సగం మా ఆవిడ వాణి చేసే పప్పుచారు కోసం, సగం నా ఉద్యోగం కబుర్ల కోసం. "మీకేంటంకుల్, లేక్స్ చుట్టూ తిరగడమే మీ జాబ్, లక్కీ!" అంటారు. గోడ మీద నా పాత ఫొటో చూస్తారు. నడుముదాకా నీళ్ళలో నిలబడి, చేతిలో సీసా పట్టుకుని, ఏదో సాధించినట్టు నవ్వుతూ ఉంటాను అందులో. ఇన్నాళ్ళూ వాళ్ళు అలా అంటుంటే నేను ఉబ్బిపోయి, రెండు కథలు చెప్పి, ఇంకో గరిటె వడ్డించమని వాణికి సైగ చేసేవాణ్ణి.

ఆ కథల్లో చెప్పనిది ఒకటి ఉంది. పిల్లలూ, ఈ పనిలోకి వస్తామంటున్నారు కాబట్టి అదే ముందు తెలుసుకోవాలి మీరు. ఇది రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. అయినా రాస్తున్నాను.

పని ఏమిటంటే

ఉత్తర ఇంగ్లండ్ కొండల మీద చిన్న చిన్న సరస్సులుంటాయి. టార్న్ అంటారు వాటిని. ఎప్పుడో మంచు పేరుకుని, కదిలి, కొండని గీరేసి పోతే మిగిలిన గుంటలవి. మన వైపు చేపల చెరువంత కూడా ఉండవు కొన్ని. నీళ్ళు మాత్రం అద్దం. ఆ నీళ్ళలో మొక్కలకి తిండి దాదాపు ఏమీ ఉండదు, అందుకే అక్కడ బతికే మొక్కలు వేరెక్కడా బతకవు. నెలకోసారి వెళ్ళి నీళ్ళు పట్టుకురావడం, అడుగున ఏం మొలుస్తోందో చూడడం, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయడం. ముప్పై ఏళ్ళు నేను చేసింది ఇదే. వేళ్ళు కొయ్యబారిపోయేవి. వాన అడ్డంగా కొట్టేది. వ్యాన్‌లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ, అమలాపురంలో హాయిగా టీచరుద్యోగం చేసుకోక ఇదేం ఖర్మరా అనుకున్న రోజులు బోలెడు.

నా మొదటి బాస్ డెరెక్. యార్క్‌షైర్ మనిషి, మాట తక్కువ. మెచ్చుకోవాలంటే "ఫర్వాలేదు" అనేవాడు, అదే పెద్ద బిరుదు. చేరిన మొదటి వారం నన్ను వ్యాన్ వెనక్కి తీసుకెళ్ళి రబ్బరు బూట్లు చూపించాడు. నడుముదాకా వచ్చే పొడుగు బూట్లవి.

"నువ్వు ఏం చదివావో నాకు అనవసరం. ఈ రెండూ ఎక్కడెక్కడ తిరిగాయో అదే ముఖ్యం. శుభ్రమైన నీళ్ళు ముందు, పాడైన నీళ్ళు చివర. రోజులో ఆ వరస తప్పకూడదు. తప్పాల్సి వస్తే ఇంటికి పో," అన్నాడు.

ఎందుకంటే కింద లోయల్లోని చేపల చెరువుల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కలుపు ఒకటుంది. ఎప్పుడో ఇళ్ళ తొట్లలో అందం కోసం అమ్మారట దాన్ని. గోరంత ముక్క చాలు. బూటు అడుగున అంటుకుని ఇంకో నీళ్ళలో పడిందంటే అక్కడ పచ్చటి బొంతలా పరుచుకుని, కింద ఉన్నవాటిని ఊపిరాడకుండా చేస్తుంది. ఒకసారి పాకాక పూర్తిగా పీకెయ్యడం ఎవరి తరమూ కాదు. డెరెక్ రిటైరయ్యాక కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పింది నేనే. బ్రష్షు ఎలా పట్టుకోవాలో, మందు నీళ్ళలో ఎంతసేపు నానబెట్టాలో అన్నీ చేసి చూపించేవాణ్ణి. "రావ్ బూట్లలో భోంచెయ్యొచ్చు" అని ఆఫీసులో జోకు కూడా ఉండేది. నాకు ఆ జోకంటే మహా ఇష్టం.

బావగారు వచ్చిన వేసవి

నేను చెప్పబోయే టార్న్ పేరు రాయను. రాస్తే మీరు వెళ్తారు, మీ బూట్లతో సహా. కొండ భుజం మీద ఉంటుంది. ఒక పక్క నల్లరాయి గోడ, ఇంకో పక్క గడ్డి. చిన్న వాగొకటి వచ్చి అందులో కలుస్తుంది. జూలైలో నీళ్ళలోంచి సన్నటి కాడలు లేచి, పైన లేత ఊదా రంగు పూలు వేలాడతాయి. వాటర్ లొబీలియా. ఆ పూలని మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేతిలో ఉన్న అన్ని సరస్సుల్లోకీ అదంటేనే నాకు ప్రాణం.

ఆ వాగు మీద, అర మైలు పైన, మార్గరెట్ ఇల్లు. గొర్రెల రైతు. భర్త పోయాక ఒక్కతే చూసుకునేది. నా వ్యాన్ చప్పుడు విని గేటు తీసి పెట్టేది, తిరిగొచ్చేటప్పుడు ఫ్రూట్ కేకు ముక్క చేతిలో పెట్టేది. ఇంటి పక్కన చిన్న కొలను ఉండేది. బతికున్న రోజుల్లో ఆమె భర్త పారతో తవ్విందది. వసంతంలో కప్పలతో నిండిపోయేది. "వీటి గోలకి రేడియో వినపడదు, రావ్," అని విసుక్కునేది మురిపెంగా.

ఒక వేసవి మా అక్కా బావగారూ వచ్చారు. బావగారు ఇరిగేషన్‌లో ఏఈగా చేసి రిటైరయ్యారు. గోదావరి కాలవల మీద బతికిన మనిషి, ఎక్కడ నీళ్ళు కనబడినా ముందు వెక్కిరించాల్సిందే. లండన్‌లో థేమ్స్ నది చూసి "మా పంటకాలవ" అన్నారు. నా ఉద్యోగం సంగతి చెబితే "అంటే చెరువు కాపలానా?" అన్నారు. అక్క నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు నాకు టార్న్ పని ఉంది, వచ్చి చూడమన్నాను.

ఆ రోజు నాకు రెండు చోట్ల పని. పొద్దున టార్న్, సాయంత్రం లోయలో కలుపు పట్టిన చేపల చెరువు. కానీ బావగారు తొమ్మిదింటికి గాని లేవరు, అక్క పూజ కాకుండా కదలదు. వాణి వాళ్ళని కారులో తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. నేను టార్న్ పని ముందే ముగించేస్తే నన్ను నీళ్ళలో ఎవరు చూస్తారు? అందుకని వరస మార్చాను. పొద్దున్నే చేపల చెరువులో దిగాను. బయటికొచ్చి బ్రష్షుతో నాలుగుసార్లు గీకాను. మందు తొట్టెలో నానబెట్టడానికి టైము లేదు. గీకింది చాల్లే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం టార్న్ ఒడ్డున అందరం చేరాం. బావగారు నడుం మీద చేతులేసుకుని నిలబడి అంతా కలయజూశారు.

"ఇదేంట్రా ప్రసాదూ? దీనికి నెలకోసారి వస్తావా నువ్వు? మా కాలవ కాపలా లస్కరు రోజూ ఇంతకి పదింతలు చూసేవోడు!"

"దిగి చూపిస్తాను, ఆగండి బావగారూ," అన్నాను. పూలు ఒడ్డుకి దూరంగా ఉన్నాయి, దగ్గరికెళ్తే గాని సరిగ్గా కనబడవు.

నేను బూట్లేసుకుని వస్తుంటే ఆయన ఉన్నట్టుండి గంభీరంగా అయిపోయారు.

"ఒరేయ్, ఎక్కడెక్కడో తిరిగిన కాళ్ళతో అలా దిగిపోతావేంట్రా? కడుక్కో. చిన్నదైనా గంగమ్మే కదా."

అక్క కూడా "అవున్రా, తప్పు," అంది. మేం చిన్నప్పటినుంచీ చేసేదే. కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కం, గోదాట్లో దిగం. నవ్వుకుంటూ వాగు టార్న్‌లో కలిసేచోట కూర్చుని రెండు బూట్లూ కడిగాను. దోసిలితో నీళ్ళు పోసుకుని, అడుగున గాళ్ళలో వేలు పెట్టి తోమి మరీ కడిగాను. మంచి భక్తిగా కడిగాను.

వేలికి ఏదో తగిలి ఊడింది. పచ్చటి పోగు, గోరంత ఉంటుంది. నీళ్ళ మీద ఒక్కసారి గిర్రున తిరిగి టార్న్‌లోకి పోయింది. నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. నాచు అనుకున్నాను. కాదు, నాచు అని అనుకోదలుచుకున్నాను. వెనక బావగారు ఎదురుచూస్తున్నారు. లేచి నీళ్ళలోకి నడిచి, పూల మధ్య నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. "శభాషురా," అన్నారాయన. మీరు చూసే ఆ గోడ మీద ఫొటో వాణి తీసింది అప్పుడే.

కొట్టిపారేయలేం

రెండో వేసవికి కలుపు కనబడింది. సరిగ్గా వాగు కలిసేచోట, చాపంత మేర. దాన్ని చూడగానే ఆ పచ్చటి పోగు గుర్తొచ్చింది. ఆఫీసులో అందరికీ లెక్క ఒక్కటే తట్టింది. వాగు నోట మొదలైందంటే వాగులోంచే వచ్చుండాలి. వాగు మీద ఉన్నది ఒకే ఇల్లు. ఆ ఇంట్లో కొలను ఉంది, నిండితే పొర్లి వాగులో పడుతుంది.

చూసి రిపోర్టు రాయమని నన్నే పంపారు. ఎవరినో పంపాల్సింది పోయి నన్నే! మార్గరెట్ ఎప్పట్లాగే గేటు తీసింది. కొలనులో పచ్చటి చిన్న మొక్క ఉంది. భూతద్దం పెట్టి చూశాను. స్టార్‌వర్ట్. ఇక్కడి నేల మీద పుట్టినది, ఎవరికీ హాని చెయ్యదు. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయిగాని, ఆకు కాడకి అతికే తీరు చూస్తే మొదటి సంవత్సరం చదివే పిల్లలు కూడా తేడా చెబుతారు. నేను నోట్‌బుక్‌లో ఏమీ రాయకుండా మూసేశాను.

"నాదేనా, రావ్?" అంది ఆమె.

"చూడాలి," అన్నాను.

ఇంటికొచ్చి రిపోర్టు రాస్తుంటే వాణి టీ తెచ్చి నా భుజం మీదుగా చదివింది.

"ఏమండీ, అన్నయ్యగారు కడుక్కోమంటే మీరు బూట్లు కడిగింది ఆ వాగులోనే కదూ?"

"నీకేం తెలుసు ఈ విషయాలు? పోయి నీ పని చూసుకో," అని కసిరాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత ముతకగా మాట్లాడలేదు ఆమెతో. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

"ఎగువన ఉన్న ఇంటి కొలను నుంచి వ్యాపించే అవకాశాన్ని కొట్టిపారేయలేం" అని రాశాను. పిల్లలూ, ఈ వాక్యాన్ని బాగా చూడండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. కోర్టులో పెట్టినా నిలబడుతుంది. నా జీవితంలో నేను చేసిన అతి నీచమైన పని ఈ వాక్యం రాయడం.

నిజం చెబితే ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. చీవాట్లు పెట్టేవాళ్ళు, ఆర్నెల్లు నవ్వుకునేవాళ్ళు. "రావ్ బూట్లలో భోంచెయ్యొచ్చు" అన్నవాళ్ళు నా మొహం చూసి పక్కకి తిరిగేవాళ్ళు. అంతే. ఆ పరువు కోసం ఒక ముసలామెని ముందుకు తోశాను.

డెరెక్‌కి రిటైరయ్యాక కూడా ఎవరో రిపోర్టులు పంపేవారు. ఫోన్ చేశాడు.

"ఆ కొలనులో మొక్కని భూతద్దంతో చూశావా?"

"చూశాను."

"ఏంటది?"

"అంటే... పూర్తిగా కొట్టిపారేయలేం డెరెక్."

"తెలిసి చెప్పని వాళ్ళు రాసే మాట అది," అని పెట్టేశాడు. మళ్ళీ నాకు ఫోన్ చెయ్యలేదు. రెండేళ్ళకి పోయాడు. ఫ్యునెరల్‌కి వెళ్ళి వెనక వరసలో కూర్చుని వచ్చాను.

రిపోర్టు మార్గరెట్ వాళ్ళ ఊరి హాల్లో చదవాలన్నారు. నేనే చదివాను. గాలాలేసే చేపల క్లబ్బువాళ్ళు, పక్క రైతులు, ఓ ముప్పై మంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి తలలన్నీ మార్గరెట్ వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది.

"నాకు తెలీదు. తెలిస్తే ఉంచేదాన్ని కాదు. అందరూ నన్ను క్షమించాలి," అంది.

నేను కాగితంలోంచి తల ఎత్తలేదు.

కార్డు

రిటైరైన వారానికి పోస్టులో కార్డు వచ్చింది. ముందు గొర్రెపిల్ల బొమ్మ. లోపల మార్గరెట్ చేతిరాత. హాయిగా విశ్రాంతి తీసుకోమని రాసి, కింద ఇంకో మాట: "నీకెంతో ఇష్టమైన టార్న్‌ని పాడుచేశానని ఇప్పటికీ బాధగానే ఉంది. వీలైతే మనసులో పెట్టుకోకు."

వాణి చదివింది. కార్డు తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"రేపు కారు నేను నడుపుతాను," అంది వాణి.

మర్నాడు మార్గరెట్ వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆమె కెటిల్ పెట్టబోతుంటే వద్దన్నాను, టీ తాగాక చెబితే ఇంకా సిగ్గుగా ఉంటుందని. చేపల చెరువు, బావగారు, వాగు, పచ్చటి పోగు, భూతద్దం. అన్నీ చెప్పాను. ఆమె కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది.

"కొలను పూడ్చడానికి డిగ్గర్ తెచ్చారు," అంది. "మా ఆయన రెండు వేసవులు పట్టి తవ్వింది అరగంటలో పూడ్చేశారు. ఆ వసంతంలో కప్పలు వచ్చాయి, రావ్. వాటికి ఎవరు చెబుతారు? మట్టి మీద కూర్చున్నాయి వరసగా. బకెట్లో ఎత్తి ఎక్కడెక్కడో వదిలొచ్చాను."

"నన్ను..." అన్నాను.

"పెళ్ళైన నాటినుంచీ ప్రతి ఆదివారం టార్న్ దాకా నడిచేదాన్ని. ఆ హాలు మీటింగ్ తర్వాత ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళి దాని మొహం ఎలా చూస్తాననిపించేది. ఎనిమిదేళ్ళు." కుర్చీ పక్కన ఆనించిన చేతికర్ర చూపించింది. "ఇప్పుడు నా తప్పు కాదంటున్నావు. ఇప్పుడు నా మోకాళ్ళు రావు. దారిలో రెండు గోడలెక్కాలి."

వాణి ఏడుస్తోంది. నాకు ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది.

"ఎలా ఉందది ఇప్పుడు?" అని అడిగింది మార్గరెట్. "మొత్తం చెప్పు."

చెప్పాను. ఉత్తరం ఒడ్డంతా పచ్చటి చాప పరిచినట్టుందని, ఏటా మనుషులు వచ్చి పీకుతున్నారని, అది ఏటా వస్తోందని. ఊదా పూలు నల్లరాయి కింద ఒక్క మూల మాత్రం మిగిలాయని, ఇంకో నాలుగైదేళ్ళకి అవీ ఉండకపోవచ్చని. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"ఆఫీసుకి రాస్తావా?"

"రాస్తాను. నా పేరుతో, సంతకంతో."

"అది సరే. కానీ ఆఫీసువాళ్ళు ఎవరో నాకు తెలీదు. నన్ను తల తిప్పి చూసింది ఆ హాల్లోవాళ్ళు. నువ్వు అక్కడ చదివావు. అక్కడే చెప్పు."

ఆఫీసుకి ఉత్తరం ఆ రాత్రే రాశాను. రిపోర్టుకి జతచేస్తామని జవాబు వచ్చింది. హాలుకి మాత్రం మూడు వారాలు సాకులు వెతికాను. జలుబన్నాను, రోడ్లు బాగాలేవన్నాను. ఒప్పుకున్నాక ధైర్యం దానంతటదే వస్తుందని అనుకోకండి, రాదు. చివరికి వాణే ఫోన్ చేసి తేదీ ఖాయం చేసింది.

మళ్ళీ అదే హాలు

ఈసారి ఇరవై మంది లేరు. కొందరు పోయారు, కొందరు ముసలివాళ్ళయ్యారు. మార్గరెట్ ముందు వరసలో, పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. కాగితం బల్ల మీద పెట్టి చదివాను. వరస మార్చింది ఎందుకో, బూట్లు ఎక్కడ కడిగానో, కొలనులోది ఏ మొక్కో. కాళ్ళు కడుక్కోవడం మా ఆచారమని చెబుతూ మధ్యలో ఆగిపోయాను. తప్పు ఆచారం మీదికి తోస్తున్నానని నాకే తెలిసింది. "కలుపు సంగతి మా బావగారికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు," అని దిద్దుకున్నాను.

చేపల క్లబ్బు పెద్దాయన అడిగాడు: "ఆమె కొలను చూసినప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఇక్కడ నిలబడి చదివినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

అప్పుడు వెనక నుంచి బ్రయన్ లేచాడు. మార్గరెట్ పక్క పొలం ఆయన. మొదటి మీటింగ్ తర్వాత ఆమె గేటు దాటి రావడం మానేశాడట. టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. మార్గరెట్ కాసేపు చూసి, పక్క కుర్చీలోంచి హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కూర్చున్నాడు.

అందరూ కోట్లు తొడుక్కుంటుంటే నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాపాను.

ఆమె నా చేతికేసి చూసింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు చూసింది.

"వచ్చి చెప్పావు, థాంక్యూ," అంది. "చెయ్యి మాత్రం వద్దు, రావ్."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.